సొంత కారుకు ఇంజిన్ ఆయిల్ మార్చుకునేవారికి: భయపడవలసిన చోట్లు, భయం అక్కరలేని చోట్లు

బెంగళూరులో సొంత కారుకు తామే ఇంజిన్ ఆయిల్ మార్చుకోవాలని ఉబలాటపడే మిత్రులు మొదట అడిగేది ఏ కంపెనీ ఆయిల్ మంచిదని. తరువాత అడిగేది, పోసిన నెలకే అది నల్లబడితే ఏం చేయాలని. మారతహళ్లి దగ్గర మేముండే అపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో ఎనిమిదేళ్లుగా నా కారుకు, అప్పుడప్పుడు ఇరుగుపొరుగువారి కార్లకు ఈ పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులలో ఒక్కటి కూడా కంపెనీకి గాని రంగుకు గాని సంబంధించినది కాదు. బండి కింద దూరేటప్పుడు, బోల్టు విప్పేటప్పుడు, ఫిల్టరు బిగించేటప్పుడు, పాత ఆయిల్‌ను వదిలించుకునేటప్పుడు జరిగే పొరపాట్లే మనిషికో బండికో ఊరి చెరువుకో హాని చేస్తాయి. అందుచేత పని క్రమాన్ని చెబుతూనే, ఏ చోట ఎంత భయం తగునో కూడా చెప్పదలిచాను.

ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఈ పనిని సర్వీస్ సెంటరుకే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. రేపు ఇంజిన్‌లో ఏదైనా లోపం బయటపడినప్పుడు, దానికీ మీ చేతిపనికీ సంబంధం లేదని వాదించవలసిన అవస్థ మీకు వస్తుంది. చేతిలో సర్వీసు రికార్డు లేనివారి వాదన ఎవరూ వినరు. వారంటీ తీరిన బండికి ఆ చింత లేదు. అయితే డబ్బు మిగులుతుందన్న ఆశ ఒక్కదానితోనే దిగవద్దు, ఎందుకంటే జాకీ స్టాండ్లు, సాకెట్లు, ట్రే, గరాటు కొనుక్కున్నాక మొదటి రెండు మూడు సార్ల మిగులు వాటికే చెల్లిపోతుంది. నన్ను ఈ పనిలోకి దింపింది డబ్బు కాదు. ఒకసారి సర్వీసు చేయించి, బిల్లులో కొత్త ఫిల్టరుకు డబ్బు కూడా కట్టి ఇంటికి తెచ్చుకున్న బండికి, అంతకుముందు నేను పాత ఫిల్టరు మీద మార్కర్‌తో గీసిన గీత చెక్కుచెదరకుండా ఉంది.

ఎప్పుడు మార్చాలి

చాలా కార్ల మాన్యువళ్లలో పదివేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, వీటిలో ఏది ముందు వస్తే అప్పుడు మార్చమని ఉంటుంది. అందరూ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు. దాని దాపునే చిన్న అక్షరాలతో, కఠిన పరిస్థితుల్లో నడిచే బండికి ఇంకా తరచుగా మార్చాలన్న సూచన కూడా ఉంటుంది. ఆ పరిస్థితులేమిటని చూస్తే, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడవడం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడటం, రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు, దుమ్ము. అంటే సిల్క్ బోర్డు కూడలి మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లే ప్రతి బండీ ఆ జాబితాలోనిదే.

దీన్ని గంటల్లో లెక్కవేస్తే విషయం తేటపడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు సగటున 20 కిలోమీటర్ల వేగం దొరుకుతుందనుకుందాం. ఆ లెక్కన 10,000 కిలోమీటర్లు తిరగడానికి ఇంజిన్ 500 గంటలు పనిచేయాలి. అదే 500 గంటలు జాతీయ రహదారి మీద 70 కిలోమీటర్ల సగటున నడిస్తే బండి 35,000 కిలోమీటర్లు వెళుతుంది. ఓడోమీటరు చక్రాల పనిని కొలుస్తుంది గాని ఇంజిన్ పడిన పాటును కొలవదు. హైదరాబాదుకు ఒకసారి వెళ్లివస్తే మీటరు మీద పదకొండు వందల పైచిలుకు చేరుతుంది. అయినా ఆయిల్‌కు అది ఇరవై గంటల పని మాత్రమే. ఊళ్లో ఆ ఇరవై గంటలకు నాలుగు వందల కిలోమీటర్లే వస్తాయి. అందుకని పూర్తిగా నగరంలోనే తిరిగే పెట్రోల్ బండికి ఏడువేల దగ్గర, నెలకు రెండుసార్లయినా కర్నూలుకో తిరుపతికో వెళ్లివచ్చే బండికి పదివేల దగ్గర నేను ఆయిల్ మారుస్తాను. ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేసేవారి బండి ఏడాదికి మూడువేలు కూడా తిరగకపోవచ్చు, అయినా ఏడాది గడువు దాటనీయకూడదు. కూరగాయల కొట్టు దాకా వెళ్లి వచ్చే బండిలో ఇంజిన్ సరిగా వేడెక్కదు, కనుక దానిలో చేరిన తేమా ఆవిరికాని పెట్రోలూ ఆయిల్‌లోనే నిలిచిపోతాయి.

ఎండలు ఎక్కువ కాబట్టి చిక్కని ఆయిల్ పోయాలా

ఇది మన దేశంలో బాగా వేళ్లూనుకున్న అపోహ, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. కొత్త పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-20, కొన్నింటికి 0డబ్ల్యూ-16 గ్రేడు ఆయిల్ సూచిస్తున్నారు. డబ్బా మూత తీసి చూసినవారికి అది నీళ్లలా పలుచగా కనిపించి, ఇది మన ఎండలకు ఎలా నిలుస్తుందన్న అనుమానం వస్తుంది. షెడ్డులో పాతకాలపు మెకానిక్కు కూడా 20డబ్ల్యూ-50 పోసుకోమని చనువుగా సలహా ఇస్తాడు. ఆయన చెప్పేది పాతికేళ్ల కిందటి ఇంజిన్లకు సరిపోయే మాట.

ఆ అంకెలలో డబ్ల్యూ అక్షరానికి ముందున్నది చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో తెలుపుతుంది. అది ఎంత చిన్నదైతే అంత తేలిక. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. ఇప్పుడు బయట బెంగళూరు డిసెంబరు చలి ఉన్నా, నెల్లూరు మే నెల ఎండ ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ వేడిని థర్మోస్టాట్ 90 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా నిలబెడుతుంది. కాబట్టి బయటి ఎండను బట్టి ఆయిల్‌ను ఎంచుకోనక్కరలేదు. ఇంజిన్ లోపలి సందులను బట్టి, దాని పంపును బట్టి తయారీదారు ఆ పని ముందే చేసి పెట్టాడు. ఇక మంచు పడని ఊళ్లో ఆ మొదటి అంకెతో పనేమిటని కొందరు అడుగుతారు. తెల్లవారుజామున 18 డిగ్రీల చలిలో ఉన్న ఆయిల్, 100 డిగ్రీల వద్ద ఉన్న అదే ఆయిల్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పైనుండి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తక్కువ. పైగా ఇప్పటి ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే వేళను సర్దే యంత్రభాగం కూడా ఆయిల్ పీడనంతోనే కదులుతుంది. అందులోకి చిక్కని ఆయిల్ పోస్తే ఇంజిన్ ఆ పూట చెడిపోదు గాని, మైలేజీ తగ్గుతుంది, ఉదయపు స్టార్టింగు బరువుగా ఉంటుంది, కొన్ని బండ్లలో ఇంజిన్ హెచ్చరిక దీపం కూడా వెలుగుతుంది. మాన్యువల్‌లో రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే వాటిలో ఏదైనా తీసుకోవచ్చు. అందులో లేనిదాన్ని ఎవరి మాట మీదా పోయవద్దు.

గ్రేడుతో పాటు ప్రమాణం కూడా చూడాలి. పెట్రోల్ ఆయిళ్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తులో ఎస్ అక్షరంతో మొదలయ్యే శ్రేణి ఉంటుంది. 2020లో వచ్చిన ఎస్‌పీ, అంతకుముందున్న ఎస్‌ఎన్ వాడవలసిన చోట కూడా పనికివస్తుంది. డీజిల్ వారికి ఇక్కడ నిజంగానే జాగ్రత్త అవసరం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనల తరువాత వచ్చిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. ఆ వడపోతలో చేరిన మసిని ఇంజిన్ అప్పుడప్పుడు కాల్చివేస్తుంది. కాని ఆయిల్‌లోని లోహ సంకలనాలు కాలగా మిగిలే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఆ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేక ఆయిల్‌ను, ఉదాహరణకు మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం సీ3 అని ఉంటే దానినే వాడాలి. గ్రేడు అంకెలు ఒకటే కదా అని పాత డీజిల్ బండి ఆయిల్ పోస్తే నష్టం ఆ రోజు కనబడదు. కొన్నేళ్లకు డీపీఎఫ్ బిల్లు రూపంలో కనబడుతుంది.

సింథటిక్, మినరల్ కలిస్తే విరుగుతాయన్న భయం మాత్రం అక్కరలేనిది. సరైన ప్రమాణం గల ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. దారిలో లెవెల్ పడిపోతే దొరికినదానితో నింపుకుని ఇల్లు చేరవచ్చు. ఇంజిన్ లోపలి భాగాలను కడగడానికి పోసే ఫ్లషింగ్ ఆయిల్, సీసాల్లో అమ్మే ప్రత్యేక సంకలనాలు బాగున్న ఇంజిన్‌కు అవసరం లేదు.

కొనేటప్పుడు బెంగళూరులో చాలామంది జె.సి. రోడ్డుకు వెళతారు. అక్కడ అసలు సరుకూ దొరుకుతుంది, పేరున్న డబ్బాలో పోసిన నాసిరకం సరుకూ దొరకవచ్చు. కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో తీసుకోవడం, మూత కింద సీలును, డబ్బా మీది కోడును సరిచూసుకోవడం మంచిది. మరీ చవకగా ఇస్తున్నవాడిని ఎందుకిస్తున్నావని అడగడం కంటే పక్క కొట్టుకు వెళ్లడం తేలిక. ఆయిల్, ఫిల్టరుతో పాటు డ్రెయిన్ బోల్టుకు, అంటే పాత ఆయిల్ దించడానికి కింద విప్పే బోల్టుకు, కొత్త వాషరు కూడా అప్పుడే కొనండి. పది, ఇరవై రూపాయల ఆ వాషరు కోసం నేనొకసారి ఆదివారం మధ్యాహ్నం సగం విప్పిన బండిని వదిలి ఆటోలో తిరిగాను.

బండిని ఎత్తడం

ఇక్కడ మాత్రం భయపడండి. ఈ మొత్తం పనిలో మనిషి ప్రాణానికి ముప్పు వచ్చే చోటు ఇది ఒక్కటే. డిక్కీలో టైరు మార్చుకోవడానికి ఇచ్చిన జాకీ మీద నిలిపిన బండి కిందికి తల గాని చెయ్యి గాని పెట్టకూడదు, ఒక్క నిమిషం కోసమైనా సరే. హైడ్రాలిక్ ట్రాలీ జాకీ అయినా ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. అందులోని చిన్న రబ్బరు సీలు ఎప్పుడు వదులుతుందో చెప్పలేం. మాన్యువల్‌లో చూపిన చోట్లలో బండి బరువుకు తగిన జాకీ స్టాండ్లు రెండు పెట్టి, వాటి మీదికి బరువును దించి, చేత్తో గట్టిగా ఊపి చూసి, ఆ తరువాతే కిందికి వెళ్లాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుకట్టలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో ఉంచాలి. ఇటుకలనూ సిమెంటు హాలో బ్లాకులనూ స్టాండ్లకు బదులుగా వాడేవారిని చూశాను. అవి గోడలో ఉన్నప్పుడు మోసే బరువు వేరు, ఒక ఇనుప అంచు వచ్చి ఒక్కచోట ఒత్తినప్పుడు మోసేది వేరు. పగిలేముందు అవి చప్పుడు కూడా చేయవు. బేస్‌మెంట్‌లో ఇంటర్‌లాక్ టైల్స్ పరచి ఉంటే జాకీ కింద మందపాటి చెక్క వేయండి.

ఎత్తైన ఎస్‌యూవీలకు చాలాసార్లు ఎత్తవలసిన అవసరమే ఉండదు. ఎత్తే ధైర్యం లేనివారికి ఇంకో దారి కూడా ఉంది: ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, ఉండే గొట్టంలో సన్నని పైపు దింపి, చేతిపంపుతో ఆయిల్‌ను పైనుంచే లాగేయవచ్చు. అన్ని ఇంజిన్లలో ఆ పైపు అడుగుదాకా చేరదు, కొంత పాత ఆయిల్ మిగిలిపోవచ్చు. పైగా ఫిల్టరు కిందివైపున ఉంటే ఎలాగూ బండి కిందికి వెళ్లవలసిందే. కాని ఫిల్టరు పైనున్న ఇంజిన్లకు, అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఇది నేను మనస్ఫూర్తిగా చెప్పే పద్ధతి.

పాత ఆయిల్ దించడం

మెకానిక్కులు ఆయిల్ మరిగేలా ఉన్నప్పుడే దించుతారు. మనకు ఆ తొందర లేదు. ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, ఇరవై నిమిషాలు ఆగితే ఆయిల్ గోరువెచ్చగా ఉండి బాగానే పారుతుంది, చేయి కాలదు. దూరప్రయాణం చేసి వచ్చిన వెంటనే మాత్రం మొదలుపెట్టవద్దు, ఆయిల్ కంటే ముందు పక్కనున్న ఎగ్జాస్ట్ పైపు మిమ్మల్ని కాలుస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం సుకుమారం అనుకోకండి. వాడిన ఆయిల్ చర్మానికి పదేపదే తగలడం క్యాన్సర్‌కు దారితీయవచ్చని డబ్బాల మీదే రాసి ఉంటుంది.

బోల్టు విప్పేముందు అది ఇంజిన్‌దేనా అని రెండుసార్లు చూసుకోవాలి. మన కార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్, గేర్‌బాక్సు పక్కపక్కనే అడ్డంగా ఉంటాయి, రెంటికీ కింద బోల్టులు ఉంటాయి. మొదటిసారి చేసేవారు గేర్‌బాక్సు ఆయిల్‌ను దించి, ఇంజిన్‌లో కొత్తది పోసేస్తారు. అప్పుడు గేర్‌బాక్సు ఎండిపోతుంది, ఇంజిన్‌లో దాదాపు రెట్టింపు ఆయిల్ నిలుస్తుంది. ఆటోమేటిక్ బండి అయితే ఆ పొరపాటు ధర లక్షల్లో ఉంటుంది. గుర్తుపట్టడానికి తేలిక మార్గం, డిప్‌స్టిక్ గొట్టం కిందికి ఏ పెట్టెలోకి దిగుతున్నదో కంటితో వెంబడించడం. అదే ఇంజిన్ ఆయిల్ సంప్, షెడ్డు భాషలో ఛాంబరు. ఏడువేలు తిరిగిన ఇంజిన్ ఆయిల్ నల్లగానో ముదురు గోధుమ రంగులోనో వస్తుంది. శుభ్రమైన ఎర్రటి ద్రవమో లేత రంగు ద్రవమో వస్తుంటే వెంటనే బోల్టు తిరిగి పెట్టేయండి. స్టార్ట్ చేయనంతవరకు ఏమీ మునిగిపోలేదు. కారినంత గేర్ ఆయిల్‌ను అదే రకంతో తిరిగి నింపించి బయటపడవచ్చు.

విప్పే పని కంటే బిగించే పనిలో తప్పులు ఎక్కువ. బోల్టు మీద, వాషరు కూర్చునే చోట గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొత్త వాషరు వేసి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. ముందు ఎడమకు నెమ్మదిగా తిప్పితే ఒకచోట టక్కున మరలో పడినట్లు తెలుస్తుంది, అక్కడినుంచి కుడికి తిప్పాలి. వేళ్లకు లొంగని బోల్టును స్పానర్‌తో లొంగదీయాలని చూడవద్దు; అది వంకరగా ఎక్కుతున్నదని అర్థం. చాలా కార్లలో సంప్ అల్యూమినియమ్‌ది, బోల్టు ఉక్కుది. ఈ పోరులో ఓడేది సంప్ మరలే. బిగువు ఎంతో సర్వీసు మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది, టార్క్ రెంచి ఉంటే అంతవరకే. లేనివారు పొట్టి స్పానర్‌ను తల దగ్గర పట్టుకుని మణికట్టు బలంతో బిగించాలి, భుజం బలంతో కాదు. ఆయిల్ కారిపోతుందేమోనన్న భయంతోనే జనం అతిగా బిగిస్తారు. సరైన వాషరు ఉన్న బోల్టు కారదు. అతిగా బిగించిన బోల్టే వచ్చేసారి మరలతో సహా ఊడివస్తుంది. అప్పుడు టెఫ్లాన్ టేపు, ఎమ్-సీల్ వంటి చిట్కాలకు పోకుండా, మరలను తిరిగి వేయించడమో సంప్ మార్పించడమో చేయాలి. స్పీడ్ బ్రేకర్ల భయంతో కింద ఇనుప పలక బిగించినవారు, కారేది ఆ పలక మీద పడి మీకు కనబడకపోవచ్చని గుర్తుంచుకోవాలి.

ఫిల్టరు, నా సొంత మడుగు

తిప్పి బిగించే డబ్బా ఫిల్టరు ఉన్న కార్లలో అన్నింటికంటే మోసకారి తప్పు పాత రబ్బరు రింగుది. ఫిల్టరు విప్పినప్పుడు దాని రింగు ఒక్కోసారి ఇంజిన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఇనుము మీద నల్లటి రబ్బరు, పైన నల్లటి ఆయిల్, కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టరును, దాని కొత్త రింగుతో బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి జారుతూ కూర్చుంటాయి. ఐడిలింగ్‌లో చుక్క కూడా కారదు. తరువాత ఎప్పుడో చల్లటి ఇంజిన్‌ను రేజ్ చేసినప్పుడు, పీడనం పెరిగి ఒక రింగు పక్కకు జరుగుతుంది, పంపు మొత్తం ఆయిల్‌ను నిమిషాల్లో నేల మీదికి తోసేస్తుంది.

నాలుగో సారో ఐదో సారో నాకు సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి పని ముగించి, రెండు నిమిషాలు నడిపి, అంతా బాగుందని పడుకున్నాను. పొద్దున స్టార్ట్ చేసి, అద్దాలు తుడిచే గుడ్డ మరిచిపోయి, బండిని అలాగే వదిలి పైకి వెళ్లాను. లిఫ్టు దిగేలోపే కోలారు వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ ఫోన్ చేసి, “సార్, మీ బండి కింద నూనె మడుగు కట్టింది, తొందరగా రండి” అన్నాడు. ఇంజిన్ అప్పటికే ఆపించాడు, అందుకు నేనతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ మూడు లీటర్ల కొత్త ఆయిల్‌ను రంపపు పొట్టుతో పీల్పించి, సబ్బుపొడితో రుద్ది, అసోసియేషన్ వారికి క్షమాపణ రాసేసరికి సెలవు పెట్టవలసి వచ్చింది.

అప్పటినుంచి ఫిల్టరు విప్పగానే దాన్ని తిప్పి, రింగు దానికే ఉందో లేదో చూసి, ఇంజిన్ వైపు గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి, టార్చి వేసి చూస్తాను. ఆ తరువాతే కొత్త రింగుకు కొత్త ఆయిల్ చుక్క రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలిన క్షణం నుంచి ముప్పావు చుట్టు బిగిస్తాను. ఫిల్టరు మీద వేరే సూచన ఉంటే అదే పాటిస్తాను. ఫిల్టరు రెంచి విప్పడానికే, బిగించడానికి కాదు. ప్లాస్టిక్ మూతలో కాగితపు ఫిల్టరు ఉండే ఇంజిన్లలో మూతకున్న ఓ-రింగును దాని అసలు గాడిలోనే వేయాలి. పక్క గాడిలో వేస్తే అది మూసినట్లే ఉంటుంది గాని కారుతుంది.

కొత్తది పోయడం

కారు తాళంచెవిని నేను కొత్త ఆయిల్ డబ్బాకు దారంతో కట్టేస్తాను. ఆయిల్ పోయకుండా స్టార్ట్ చేయడం అనేది ఇతరులకే జరిగే తెలివితక్కువతనం అనుకుంటాం. మధ్యలో ఫోన్ వచ్చిన రోజున ఎవరికైనా జరుగుతుంది.

మాన్యువల్‌లో ఆయిల్ పరిమాణం ఫిల్టరుతో కలిపి ఒకటి, ఫిల్టరు మార్చకుండా ఒకటి అని రెండు అంకెలుగా ఉండవచ్చు. చెప్పినదానికంటే అర లీటరు తక్కువ పోసి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూసి, కనిష్ఠ గుర్తుకు పైన ఉందని తేలాక స్టార్ట్ చేయండి. ఆయిల్ పీడనం తెలిపే ఎర్ర దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. కొత్త ఫిల్టరు నిండేదాకా ఒకటి రెండు సెకన్లు ఆలస్యం సహజమే. ఐదారు సెకన్లు దాటినా ఆరకపోతే ఇంజిన్ ఆపేయండి. నిమిషం నడిపి, కింద బోల్టు దగ్గర, ఫిల్టరు దగ్గర టార్చితో చూసి, ఆపి, బండిని స్టాండ్ల నుంచి సమతలం మీదికి దించి, పది నిమిషాల తరువాత మళ్లీ డిప్‌స్టిక్ తీయాలి. ఫిల్టరు తాగినంత మేర లెవెల్ తగ్గి కనిపిస్తుంది. గరిష్ఠ గుర్తు చేరేదాకా కొంచెం కొంచెంగా కలపండి.

గరిష్ఠ గుర్తుకు నూరు మిల్లీలీటర్లు ఎక్కువయ్యాయని నిద్ర మానుకోనక్కరలేదు. అర లీటరు, లీటరు ఎక్కువైతే మాత్రం ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ బరువులు ఆయిల్‌ను కవ్వంలా చిలుకుతాయి. నురగకట్టిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. అలాంటప్పుడు డిప్‌స్టిక్ గొట్టం నుంచి సిరంజితో లాగేయడం, బోల్టు మళ్లీ విప్పడం కంటే శుభ్రమైన పని.

రంగు, వాసన, బోల్టుకు అంటిన పొడి

డీజిల్ ఇంజిన్‌లో పోసిన ఆయిల్ మొదటి వందల కిలోమీటర్లలోనే కాటుకలా నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుని, గడ్డకట్టకుండా తేలుస్తూ ఉంచడం దాని పనే, అది తన పని చేస్తున్నది. పెట్రోల్‌లో కూడా కాలక్రమాన ముదురు రంగు వస్తుంది. వేలికి రాసుకుని, జిగటగా లేదు కాబట్టి చెడిపోయిందని తేల్చే షెడ్డు పరీక్షకు విలువ లేదు. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉన్నచోట దానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకోవడం కూడా మామూలే; మెరిసే రేకుల్లాంటి లోహపు ముక్కలు కనబడితే మాత్రం ఆయిల్‌ను సీసాలో దాచి, మెకానిక్కుకు చూపండి.

పట్టించుకోవలసినవి వేరే ఉన్నాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలుస్తున్నదేమోనని అనుమానించాలి. మూత కింద మాత్రమే పలుచని పసుపు నురగ ఉంటే, అది చిన్న ప్రయాణాల తేమ కావచ్చు, ఒకసారి నంది హిల్స్ దాకా వెళ్లివస్తే చాలావరకు పోతుంది. డీపీఎఫ్ ఉన్న డీజిల్ బండిలో లెవెల్ తగ్గడానికి బదులు పెరుగుతూ ఉంటే అది తేలికగా తీసుకోకూడని గుర్తు. మసిని కాల్చేందుకు ఇంజిన్ అదనంగా చల్లే డీజిల్‌లో కొంత, ట్రాఫిక్‌లో ఆ ప్రక్రియ మధ్యలో తెగినప్పుడల్లా, సిలిండరు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆఫీసు, ఇల్లు తప్ప వేరే దారి ఎరగని డీజిల్ బండ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. గరిష్ఠ గుర్తును దాటితే గడువు కోసం చూడకుండా మార్చేయాలి.

పాత ఆయిల్ ఎక్కడికి

మా చిన్నప్పుడు ఊళ్లో వేస్ట్ ఆయిల్ అంటే పనికొచ్చే వస్తువే; తలుపులకు చెదలు పట్టకుండా పూసేవారు, బండి ఇరుసుకు కందెనలో కలిపేవారు. ఇప్పటికీ కట్టడాల దగ్గర సెంట్రింగ్ రేకులకు పూయడానికి అడిగి తీసుకుపోతుంటారు. ఇవ్వవద్దు. వాడిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి, దాన్ని శుద్ధిచేసి తిరిగి వాడుకలోకి తేవడానికి అనుమతి పొందిన పరిశ్రమలు ఉన్నాయి. మన బేస్‌మెంట్ డ్రెయిన్‌లో పోసింది వానకు రాజకాలువె అనే పెద్ద వాననీటి కాలువలోకి, మా వైపైతే అక్కడి నుంచి బెల్లందూరు, వర్తూరు చెరువుల వైపు పోతుంది. నురగతో, మంటలతో దేశమంతా పేరు మోసిన ఆ చెరువులకు మన వాటా కూడా కలపనక్కరలేదు.

చేయవలసింది సులభమే. దించిన ఆయిల్‌ను గరాటుతో కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోకే పోసి, మూత బిగించి, దగ్గరలో డ్రమ్ము పెట్టుకుని అనుమతి ఉన్న సేకరణదారుకు ఇచ్చే సర్వీస్ గ్యారేజీకి అప్పగించాలి. ఎవరు తీసుకుపోతారని ముందే అడగండి. జవాబు తడబడితే ఇంకో గ్యారేజీ చూడండి. నేనిచ్చే గ్యారేజీ వారు మొదట వింతగా చూశారు, ఇప్పుడు ఏడాదికోసారి నా డబ్బా కోసం ఎదురుచూస్తారు. అందులో కూలెంట్, బ్రేక్ ఆయిల్, నీళ్లు కలపకూడదు, కలిపితే శుద్ధికి పనికిరాదు. ఫిల్టరును ఒక రాత్రంతా ట్రే మీద బోర్లించి, కారినదంతా అదే డబ్బాలో పోసి, ఫిల్టరును కూడా వారికే ఇవ్వండి. డబ్బా తిరిగి చేతికి వచ్చాక దాని అడుగున స్క్రూడ్రైవరుతో రెండు రంధ్రాలు పొడవండి. పేరున్న ఖాళీ డబ్బాను కొనేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, వాళ్లు అందులో ఏం పోసి అమ్ముతారో మనకు తెలుసు.